ప్రసాదం సంగతి కూడా చెప్పాలి

మా కోడలు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. "పేర్లు మార్చి రాయండత్తా, సంగతి మాత్రం మార్సకండి" అంది. అందుకని ఆమెను ఇక్కడ జ్యోత్స్న అంటాను. ఆమె తల్లి, అంటే నా వియ్యపురాలు, సుభద్ర. నా కొడుకు రమణ. పాప పేరు రాయను. తన పేరు ఎక్కడ రాయాలో ఎక్కడ రాయకూడదో చెప్పే వయసు వచ్చాక అదే చెప్పుకుంటుంది.

నాకు డెబ్బయి ఒకటో ఏడు. ఉద్దానం ఊళ్ళలో బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు పలాసలో కొడుకు దగ్గర ఉంటున్నాను. వాడు జీడిపప్పు వ్యాపారి దగ్గర గుమాస్తా. మా వారు కిడ్నీ జబ్బుతో పోయారు. డయాలసిస్ కోసం ఆయనతో పాటు ఆసుపత్రి బల్లల మీద కొన్నేళ్ళు కూర్చున్నాను కాబట్టి ఆసుపత్రి అంటే నాకు భయం పోయింది. డాక్టరుకు సగం చెప్పి సగం దాచేవాళ్ళంటే మాత్రం కోపం పోలేదు.

సంగతి ముందే చెప్పేస్తాను. నిరుడు మా కోడలి కడుపులో బిడ్డ ఎదగవలసినంత ఎదగలేదు. నెలల తరబడి కోడలు రోజూ గంజాయి ఆకు తిన్నది. మత్తు కోసం కాదు. దేవుడి ప్రసాదమనీ, వాంతులు కడుతుందనీ తిన్నది. మా చుట్టుపక్కల ఇలా తిన్నది ఆమె ఒక్కతే అని నేను అనుకోను. అందుకే ఈ రాత.

జ్యేష్ఠం, ఆషాఢం

పెళ్ళి మాఘమాసంలో అయింది. వైశాఖం పోయేసరికి నెల తప్పిందని తెలిసింది. జ్యేష్ఠంలో వాంతులు మొదలయ్యాయి. వేవిళ్ళు ఎవరికైనా ఉంటాయి, కానీ ఇవి ఆ మాదిరివి కావు. మంచినీళ్ళు కూడా లోపల నిలిచేవి కావు. పలాసలో జీడిబట్టీల పొగ వాసన తప్పించుకోవడానికి చోటు లేదు. గాలి అటు తిరిగితే చాలు, పిల్ల పెరట్లోకి పరుగెత్తేది. నలభై తొమ్మిది కిలోలతో మా ఇంటికొచ్చిన మనిషి నలభై నాలుగుకు దిగిపోయింది.

టెక్కలిలో ఒక డాక్టరమ్మకు చూపించాం. వాంతులకు బిళ్ళలు రాసింది. ఇంటికొచ్చాక రమణ ఆ చీటీ చూసి మొహం మాడ్చుకున్నాడు.

"నాన్నకేటయ్యిందో మరిసిపోనావా అమా? బిళ్ళలు మింగీ మింగీ కదా కిడ్నీలు పోగొట్టుకున్నాడు. కడుపుతో ఉన్నదానికి బిళ్ళలేటి?"

ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తున్నదో గట్టిగా తేల్చి చెప్పినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు. నీళ్ళన్నారు, ఎండన్నారు, మందులన్నారు. కానీ ఇంటికొక మనిషిని పోగొట్టుకున్న ఊళ్ళలో బిళ్ళ అంటే పాము. వాడి భయం నాకు అర్థమవుతుంది. "ఒరే, మీ నాన్న మింగినవి నొప్పుల బిళ్ళలు. ఇవి వాంతులవి. డాక్టరు తూచి రాసినవి" అన్నాను. వాడు వినలేదు. జ్యోత్స్న భర్త మాట దాటలేదు. బిళ్ళలు అలమరాలో ఉండిపోయాయి.

ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు అత్తారింట ఉండకూడదని సుభద్ర వచ్చి కూతుర్ని ఇచ్ఛాపురం తీసుకుపోయింది. వాళ్ళింట్లో ఒడియా, వీధిలో తెలుగు. వాళ్ళకు త్రినాథస్వామి ఇలవేల్పు లాంటివాడు. ఆదివారం సాయంత్రం మేళా పెట్టుకుంటారు. మూడు దీపాలు, భజన, కథ. స్వామికి పెట్టేవి మూడు: నూనె, తాంబూలం, గంజాయి. చట్టం వచ్చాక ఆ మూడోదాన్ని చాలా ఇళ్ళు వదిలేశాయి. సుభద్ర వాళ్ళ బంధువర్గంలో మాత్రం గుట్టుగా నడుస్తూనే ఉందని నాకు తర్వాతే తెలిసింది. దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు. "సామి ఆకు" అంటారు.

ఆ మేళాలో ఆకూ బెల్లమూ కలిపిన చిన్న ఉండ ఒకటి జ్యోత్స్న చేతిలో ప్రసాదంగా పడింది. ఆ పూట అన్నం నిలిచింది. మర్నాడు సుభద్ర నాకు ఫోను చేసింది.

"వదినా, నీ కోడలు కంచం కాళీ సేసీసింది! మల్లీ పెట్టమంది. సామి సూసినాడమ్మా, సామి సూసినాడు."

"ఏం మందిచ్చారు?" అని అడిగాను.

"మందూ నేదు మాకూ నేదు. మేళా పెట్టినాం, అంతే."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె దృష్టిలో ప్రసాదం మందు కాదు. దేవుడు కరుణించాడని నేనూ సంతోషించాను. శ్రావణంలో సారెతో పాటు కోడలు తిరిగి వచ్చింది. దేవుడి గూట్లో ఒక పొట్లం పెట్టుకుంది. పొద్దున్నే దణ్ణం పెట్టుకుని అందులోంచి చిటికెడు నోట్లో వేసుకునేది. పుట్టింటి దేవుడి ప్రసాదాన్ని అత్తగారు విప్పి చూడడం మర్యాద కాదు. వాంతులు మాత్రం ఆగాయి. రమణ గెలిచినట్టు తిరిగాడు. "సూసినావా, బిళ్ళ నేకుండానే తగ్గిపోనాది" అని.

కార్తీకం

కార్తీకంలో స్కానింగుకు టెక్కలి వెళ్ళాం. ఏడో నెల. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసింది. తర్వాత మృదువుగానే చెప్పింది. నెలలకు తగ్గ బరువు లేదు, బిడ్డ చిన్నగా ఉంది అంది. జ్యోత్స్నను వరసగా అడిగింది. బీపీ ఉందా, జ్వరాలొచ్చాయా, పొగాకు అలవాటుందా, చుట్ట తిరగేసి అడ్డపొగ కాల్చేవాళ్ళు ఇంట్లో ఉన్నారా, ఏవైనా నాటుమందులు వాడావా. అన్నిటికీ "లేదండి" అంది. నిజాయితీగానే అంది. పక్కన కూర్చుని నేను ఆ మొహమే చూస్తున్నాను. నలభై ఏళ్ళు పిల్లల మొహాలు చూసినదాన్ని, దాపరికం ఉంటే తెలిసేది.

రక్తపరీక్షకు బయట హాల్లో కూర్చోమన్నారు. ఎదురుగా గోడమీద గర్భిణులకు జాగ్రత్తల బోర్డు ఉంది. ఊరికే కూర్చోలేక జ్యోత్స్న పైనుంచి చదువుకుంటూ వస్తోంది. ఒకచోట ఆగిపోయింది. నేనూ చూశాను. పొగాకు, మద్యం, గంజాయి, ఈ మూడూ బిడ్డకు హాని అని రాసి ఉంది.

పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది.

"అత్తా... ప్రసాదం కూడా సెప్పాలేటి?"

"ఏ ప్రసాదం?"

"సామి ఆకు. అది... అది గంజాయేనత్తా."

హాలంతా మనుషులు. మా వెనక బల్ల మీద ఎవరో పల్లీలు ఒలుస్తున్నారు. నాకు ఒక్క నిమిషం ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. కోపం రాలేదని చెప్పను. వచ్చింది, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని కడుపు మీద రెండు చేతులూ కప్పుకుంది.

"లే. లోపలికి వెళ్దాం" అన్నాను.

"ఆయనకో మాట సెప్పీసి..." అని రమణకు ఫోను కలిపింది. వాడి గొంతు నాకూ వినిపించేంత పెద్దదైంది. ఫోను నేను తీసుకున్నాను.

"అమా, నీకు మతి గాని పోయిందేటి? గంజాయంటే కేసు! మావగారింటి మీదకి పోలీసులొత్తారు. ఊరంతా నవ్వుతాది. ముందు ఇంటికి రండి, మాటాడదాం."

"నువ్వు మాట్లాడుతూ ఉండరా. కడుపులో పిల్ల అందాకా ఆగుతాదేటి?" అని ఫోను పెట్టేశాను.

నేను ఆ పూట ఇంటికి తిరిగి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. నలుగురు మగవాళ్ళు కూర్చునేవారు. పరువు గురించి, పోలీసుల గురించి, దేవుడి గురించి మాట్లాడేవారు. చివరికి "ఆకు మానెయ్, ఎవరికీ సెప్పకు" అని తేల్చేవారు. డాక్టరమ్మ కారణం తెలియకుండానే వైద్యం చేసేది.

మళ్ళీ లోపలికి వెళ్ళాం. చెప్పడం జ్యోత్స్నే చెప్పింది. నేను మొదలుపెడితే ఆపి తనే చెప్పింది. ఎప్పటినుంచి, ఎంత, ఎలా. డాక్టరమ్మ కేకలు వేయలేదు. కలం మూత తీసి రాసుకుంది.

"చెప్పి మంచిపని చేశావు. ఇక్కడ చెప్పింది వైద్యం కోసం రాసుకుంటాను, అంతే" అంది.

"మొక్కే కదండీ, మందు కాదు కదా అనుకున్నాను."

"నీది పలాసేగా? జీడిపిక్క కూడా చెట్టుదే. దాని రసం చేతికి తగిలితే?"

"పొక్కిపోతాదండి."

"మరి!"

తర్వాత విడమరిచి చెప్పింది. తల్లి తిన్నది మాయ దాటి బిడ్డకు చేరుతుంది. బరువు తగ్గవచ్చు, నెలలు నిండకుండా కాన్పు రావచ్చు. మెదడు ఎదుగుదల మీద కూడా పనిచేయవచ్చు. అది వెంటనే కనబడదు. పెద్దయ్యాక చదువులో, నిలకడలో బయటపడవచ్చు. అందరికీ అలా అవుతుందని కాదు. మీ బిడ్డ చిన్నగా ఉండడానికి ఇదొక్కటే కారణమని కూడా నేను చెప్పలేను, ఆ వాంతులూ నీ బరువూ ఉన్నాయి. కానీ మానడం మన చేతిలో ఉంది, ఈ పూటనుంచే మానాలి. ఇదీ ఆమె చెప్పిన మాట. ఊరడింపుకు అబద్ధం చెప్పలేదు, భయపెట్టడానికి పెంచి చెప్పలేదు. అటువంటి మనిషి దగ్గర నాకు ధైర్యంగా ఉంటుంది.

మానడం తేలిక కాలేదు. నిద్ర పోయింది. చిరాకు పట్టుకుంది. వాంతులు మళ్ళీ తిరగబెట్టాయి. సెలైన్లు పెట్టించాం. ఈసారి బిళ్ళలు తప్పవు. రమణ డాక్టరమ్మ ఎదుట చేతులు కట్టుకుని నిలబడి కిడ్నీల గురించి అడగవలసినవన్నీ అడిగాడు. ఆమె విసుక్కోకుండా రక్తపరీక్ష కాగితం ముందు పెట్టి చూపించింది. ఆ తర్వాత వేళకు బిళ్ళా గ్లాసూ పట్టుకుని భార్య ముందు నిలబడింది వాడే.

సంగతి తెలిసి సుభద్ర రైలెక్కి వచ్చింది. గుమ్మంలోనే ఏడుపు.

"నా సేతుల్తో నేనే పెట్టినాను వదినా. ఇసం పెట్టీసినాను."

"ఏడుపు తర్వాత. మీ ఇంట్లో ఆ ఆకు ఇంకా ఉందా?"

"నేదు. మా ఆయన పారబోసీసినాడు." కళ్ళు తుడుచుకుని తలెత్తింది. నా వియ్యపురాలు ఊరికే పడే మనిషి కాదు. "అయినా ఒక మాట సెప్పు వదినా. మీ ఇంట్లో డాట్టరిచ్చిన బిళ్ళ మింగనివ్వనేదు. మా ఇంట్లో సామి ఆకు పెట్టినాం. మరి తప్పెవులదంతావు?"

రమణ ఆమెకు కుర్చీ జరిపాడు.

"చెరి సగం. లెక్క సరిపోయింది. కూర్చో, కాఫీ తాగు" అన్నాను.

మార్గశిరం

వారం వారం టెక్కలి ప్రయాణం. బిడ్డ పెరుగుతోంది, కానీ నెమ్మదిగా. మార్గశిరంలో ఒక పొద్దున్న డాక్టరమ్మ స్కానింగు చూసి, లోపల రక్తప్రసారం తగ్గింది, ఇంక ఆగకూడదు అంది. నెల ముందే ఆపరేషను చేసి తీశారు. ఆడపిల్ల. కిలో ఎనిమిది వందల యాభై.

తల్లి పక్కన పెట్టలేదు. పసిపిల్లల వార్డుకు తీసుకుపోయారు. అద్దంలోంచి చూశాను. నా అరచెయ్యి కంటే కొంచెం పెద్ద వీపు. చేతులు ఉండుండి వణికేవి. పాలు చప్పరించడానికి ఓపిక లేక మధ్యలో నిద్రపోయేది. పచ్చకామెర్లు కనబడితే నీలిలైటు కింద పడుకోబెట్టారు. ఆ వణుకు దేనివల్ల అని అడిగాను. నెలలు నిండకపోవడం వల్ల కావచ్చు, ఆకు వల్ల కావచ్చు, కనిపెట్టి చూస్తున్నాం అన్నారు. తెలియదన్న మాటతో రోజులు గడపడం ఎంత కష్టమో అక్కడ తెలిసింది.

ఆ వార్డు బయట మాలాంటి కుటుంబాలు చాపలు పరుచుకుని ఉండేవి. మా పక్క చాప రావివలస ఆమెది. ఆమె మనవడు కూడా లోపలే. ఎవరి బిడ్డ ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. నేను రెండు రోజులు సరిగ్గా తినలేదని కనిపెట్టి, అడగకుండా నా ముందు గంజి గిన్నె పెట్టింది.

"తాగమ్మా. నువ్వు పడిపోతే నిన్నెవులు మోత్తారు? లిఫ్టు కూడా పాడయ్యింది."

"లైటు కింద అలా కళ్ళకు గంతలు కట్టి పడుకోబెడితే చూడలేకపోతున్నానమ్మా" అన్నాను.

"మా ఊరి మల్లన్నని సూణ్ణేదేటి? గుడికి కప్పు నేకుండా ఎండలోనే ఉన్నాడు. ఏటయ్యింది ఆయనకి? గట్టిగా కూకున్నాడు. మీ గుంటపిల్లా అంతే."

నవ్వొచ్చింది. ఆ వార్డు బయట నేను నవ్వడం అదే మొదలు.

కొద్దిరోజులకు లైటు తీశారు. బిడ్డను రొమ్ముకు ఆనించుకుని ఒంటివేడి తగిలేలా పట్టుకోవాలి, గంటలకొద్దీ, అని నర్సమ్మ చెప్పింది. జ్యోత్స్నకు కుట్లకు జ్వరం వచ్చి లేవలేకపోతోంది. నాకు దగ్గు. మిగిలింది సుభద్ర. ఆమె వెనక్కి జరిగింది.

"నాను ముట్టుకోను వదినా. నా సెయ్యి మంచిది కాదు."

"సెయ్యి కాదమ్మా, గుండె కావాలి. రా" అంది నర్సమ్మ.

అయినా కదల్లేదు. నేను వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేశాను. "వదినా, పట్టుకో. బరువెక్కాలి. అదొక్కటే పని ఇప్పుడు."

సుభద్ర రవికె గుండీలు విప్పుకుని కుర్చీలో కూర్చుంది. ఆ చిన్న ప్రాణాన్ని ఆమె ఎద మీద బోర్లా పెట్టి శాలువా కప్పారు. ఒడియాలో ఏదో జోలపాట సన్నగా అందుకుంది. వణికే చెయ్యి కాసేపటికి కుదురుకుంది. పాటకే కుదురుకుందని నేను రాయను, వెచ్చదనానికి అయి ఉంటుంది. కానీ ఆ కుర్చీని ఆమె ఆ తర్వాత ఎవరికీ ఇవ్వలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందులోనే. బిడ్డ రెండు కిలోలు దాటాక ఇంటికి పంపారు.

ఇప్పుడు

పాపకు పది నెలలు. తల్లిపాలే తాగి పెరిగింది. ఆకు జోలికి పోనంతకాలం పాలివ్వడానికి అడ్డేమీ లేదని ముందే చెప్పారు. బోర్లా పడడం కొంచెం ఆలస్యం. నెల ముందు పుట్టిన సంగతి కలుపుకుంటే అది ఆలస్యం కిందికి రాదన్నారు. ఇప్పుడు పట్టుకుని నిలబడుతోంది. ఇచ్ఛాపురంలో మేళా మానలేదు, ఆకు మానారు. స్వామి ఏమీ అనలేదని సుభద్ర చెప్పింది.

ఇది చదివే అత్తలకూ అమ్మలకూ నేను చెప్పేది ఇంతే. వేవిళ్ళు భరించలేకుండా ఉంటే దానికి వైద్యం ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కడుపుతో ఉన్న పిల్ల నోట్లోకి పోయినదేదైనా, ప్రసాదమైనా, పసరైనా, పొడైనా, డాక్టరుకు చెప్పండి. అడిగేదాకా ఆగకండి. వాళ్ళు అడిగే మాటా మనం పిలిచే పేరూ ఒకటి కాకపోవచ్చు. ఇప్పటికే తిని ఉంటే భయపడి దాక్కోకండి, ఆ రోజే మానండి. మేము ఏడో నెలలో మాన్పించాం. ముందే మానితే ఇంకా మంచిదయ్యేది.

మొన్న టీకాకు వెళ్ళినప్పుడు హాల్లో కడుపుతో ఉన్న ఒక చిన్నపిల్ల, అయిదో నెల ఉంటుందేమో, వాంతులతో వాలిపోయి కూర్చుంది. ఆమె పక్కనున్న పెద్దావిడ గొంతు తగ్గించి, "మా వైపు ఒక ఆకుంది, తింటే కట్టీత్తాది" అంటోంది. నేను నోరు తెరిచేలోపే జ్యోత్స్న లేచింది. బిడ్డను చంకనేసుకుని వెళ్ళి వాళ్ళ ముందు నిలబడింది.

"ఆ ఆకు నాను తిన్నాను పిన్నీ. ఇదిగో, ఇది నా కూతురు. నెల ముందే పుట్టీసింది, గాజుపెట్టిలో పెంచినాం. తినిపించకండి. లోపలికెల్లి డాట్టరమ్మకి సెప్పండి, బిళ్ళలిత్తాది."

హాల్లో అందరూ చూశారు. ఆమె తల దించలేదు. ఆ చిన్నపిల్ల నెమ్మదిగా లేచి లోపలికి వెళ్ళింది.

తర్వాత మా పాపను చూశారు. డాక్టరు బల్ల మీద ఎర్ర చెక్కముక్క ఒకటి పెట్టింది. పాప దాన్ని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ దాన్ని చూసి చటుక్కున పట్టుకుంది. ఒక చేతినుంచి రెండో చేతికి మార్చుకుంది.

"ఇప్పటికి అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా. బడికెళ్ళే వయసుదాకా మధ్యమధ్యలో చూద్దాం. నేర్చుకోవడంలో ఏమైనా ఉంటే అప్పుడే తెలుస్తుంది" అంది.

రమణ మొహం వాడిపోయింది. నేను మాత్రం బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను. బడికి ఇంకో అయిదేళ్ళు. అప్పటికి నాకు డెబ్బయి ఆరు. కళ్ళు బాగున్నాయి, గొంతు బాగుంది. పట్టుమని ఒకచోట కూర్చోలేని పిల్లలూ, రెండో ఎక్కం దగ్గరే రెండేళ్ళు నిలిచిపోయిన పిల్లలూ నా చేతికింద ఎంతమంది వెళ్ళారో లెక్కలేదు. ఒకసారి చెబితే రాకపోతే రెండోసారి చెబుతాను. రెండోసారికీ రాకపోతే పదోసారి చెబుతాను. నాకు చేతనైన పని అదే.